సన్న కుట్టు

విశ్వేశ్వరయ్య మగ్గం గుంత పూడ్చే ముందు అందులోకి కాళ్ళు దించి కాసేపు ఊరికే కూర్చున్నాడు. మగ్గం కట్టెలు విప్పి అటక మీదికి ఎక్కించి చాలా ఏళ్ళయింది. గుంత మాత్రం అట్లాగే మిగిలింది. దాని మీద చెక్క, చెక్క మీద బియ్యం డబ్బా. ఈ రోజు డబ్బా వంటింట్లోకి పోయింది, చెక్క గోడకు ఆనింది. గుంత అడుగున ఆయన కాళ్ళాడిన చోట నేల అరిగిపోయి నున్నగా ఉంది.

"నాయనా, మట్టి తెచ్చినా" అంది ఇందు, తట్ట నెత్తిన పెట్టుకుని గడపలో నిలబడి.

"పొయ్యి."

"నువ్వు లేస్తే కదా."

ఆయన కాళ్ళు పైకి తీసుకుని పక్కకు జరిగాడు. మట్టి పడగానే దుమ్ము లేచింది. పక్క గదిలోంచి భవ్యశ్రీ, "చిన్నదానికి దుమ్ము తగుల్తాది, తలుపు ముయ్యండి" అంది. ఇందు పోయి అక్క గది తలుపు దగ్గరికి వేసింది.

కుట్టు మిషను పొద్దున్నే ఆదోని నుంచి వచ్చింది. పాతదే, కాలితో తొక్కేది. నల్ల రంగు మీద బంగారు తీగలు సగం చెరిగిపోయాయి. పంపింది భవ్యశ్రీ తోడికోడలు లక్ష్మీదేవి. పెళ్ళికి ముందు నుంచీ ఆమె చేతి కింద నడిచిన మిషను అది. ఆటోలో దాన్ని తెచ్చి దించిన భవ్యశ్రీ మొగుడు శశికాంత్, ఆమె మాట కూడా మోసుకొచ్చాడు.

"వదిన చెప్పమనింది. ఇంక తనకి చేతినిండా పని ఉంటాదంట. మిషను మీద కూచ్చునేదానికి తీరదంట. ఇందు జాకెట్లు కుట్టేది నేర్చుకుంటాంది కదా, ఈడుంటే పనికొస్తాదని."

చేతినిండా పని అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పని పక్క గదిలో నులక మంచం మీద పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది.

భవ్యశ్రీకి ఇద్దరు కూతుళ్ళు. వాళ్ళిప్పుడు సి.బెళగల్లో నాయనమ్మ దగ్గరున్నారు. మూడో కాన్పుకి ముందు శశికాంత్ ఈ నడింట్లోనే అన్నం తింటూ, "మగపిల్లోడయితే మనకు. ఆడపిల్లయితే అన్నోళ్ళకు. పాపం వాళ్ళకు ఎవురూ లేరు" అన్నాడు. అప్పుడు భవ్యశ్రీ చారు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. గరిటెడు చారు అతని కంచంలో పోసింది. కాదనలేదు అని అమ్మ ఆ రోజు నాయనతో చెప్పింది. మర్నాటికి అది, ఒప్పుకుంది అని అయింది. ఆదోనికి చేరేసరికి, ఆమే ఇస్తానంది అని అయింది.

పుట్టింట్లో కన్న బిడ్డను ఇంకో ఇంటికి పంపేటప్పుడు బొంతలో చుట్టి పంపాలి. ఇంటి ఆడవాళ్ళ పాత చీరలు పొరలుగా పరిచి, ఇంట్లోనే కుట్టిన బొంత. కుట్టు సగంలో ఉన్న బొంతలో బిడ్డ ఆ గడప దాటకూడదు. అది వీళ్ళ పద్ధతి. బొంత ఇంకా కాలేదు. అందుకే చిన్నది ఇంకా ఎమ్మిగనూరులో అమ్మమ్మ ఇంట్లోనే ఉంది.

విశ్వేశ్వరయ్య మట్టి మీద నీళ్ళు చల్లి, తొక్కి, మళ్ళీ మట్టి పోసి తొక్కాడు. మగ్గం నేసేటప్పుడు తొక్కినట్టే ఒక కాలు తర్వాత ఒక కాలు. పైన నాపబండలు పరిచి మిషను ఎత్తి పెట్టించాడు. ఒక కాలు ఊగితే దాని కింద గుడ్డ మడిచి దోపాడు.

"కిటికీ నీకు ఎడమ పక్కన ఉండల్ల. మగ్గానికైనా దీనికైనా అంతే. కుడి పక్క నుంచి ఎలుతురొస్తే నీ చెయ్యే నీకు అడ్డం" అని మిషను కొంచెం తిప్పాడు. మగ్గం నాటి నూలు కండెలు పెట్టుకునే చెక్క డబ్బా తుడిచి ఇచ్చాడు. ఇందు అందులో దారపు రీళ్ళు పెట్టింది. చాక్‌పీసు, టేపు కిటికీ గూట్లో. కత్తెర మేకుకు. అన్నీ పెట్టాక కొంచెం దూరం పోయి నిలబడి చూసుకుంది. ఇంట్లో తనదంటూ ఒక చోటు ఉండటం ఇదే మొదటిసారి. మొహంలో సంతోషం కనబడకుండా ఉండాలని దుమ్ము తుడుస్తున్నట్టు చేతిని మొహానికి అడ్డం పెట్టుకుంది. అక్క గది తలుపు ఇంకా మూసే ఉంది.

సాయంత్రం రుక్సానా చూడటానికి వచ్చింది. బస్టాండు వెనకాల ఆమెకు జాకెట్ల కొట్టు ఉంది. ఇందు ఆమె దగ్గరే పని నేర్చుకుంటోంది. రుక్సానా మిషను చక్రం చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి విని, కొంగు మడిచి నడుముకు దోపుకుంది.

"గొంతెండిపోయింది దీనికి. నూనె యాడ?"

ప్రతి కంతలోనూ చుక్క చుక్క పోసింది. గుడ్డ మీద ఉత్త కుట్టు వేసి చూసింది.

"బంగారం లాంటి మిషను. ఇట్లాంటిదాన్ని ఎవరన్నా వదులుకుంటారా?" అని, వెంటనే పక్క గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఓ. దానికి ఇదా?"

ఇందు నూనె సీసా మూత బిగించింది.

"రేపటి నుంచి నా కొట్టుకొచ్చే గిరాకీనంతా నువ్వే లాక్కుంటావు. నేను నీ దగ్గర కాజాలు కుట్టేదానికి రావల్ల" అని రుక్సానా నవ్వింది. ఇందు సిగ్గుతో తల వంచుకుంది.

దీపాలు పెట్టే వేళకు భవ్యశ్రీ బొంత తెచ్చుకుని నడింట్లో కూర్చుంది. రోజూ అదే వేళ. చిన్నదాన్ని ఒళ్ళో వేసుకుని, దాని మీదుగానే బొంత పరుచుకుని కుడుతుంది. పై పొర అమ్మ పసుపు చీర. అడుగున భవ్యశ్రీ ఆకుపచ్చ చీర. నడుమ ఇందు లంగా ఓణీ గుడ్డ. దాని కింద లక్ష్మీదేవి పంపిన ఎర్రంచు తెల్ల నేత చీర, ఉతికి ఉతికి దూది మాదిరి అయినది. పెంచుకునే తల్లి చీర కూడా ఒకటి ఉండాలని అమ్మే అడిగి తెప్పించింది.

బొంత అంటే మామూలుగా దబ్బనంతో పొడవు పొడవు పోట్లు వేస్తారు. భవ్యశ్రీ జాకెట్లకు హుక్కులు కుట్టే సన్న సూది పట్టుకుంది. కుట్టు బియ్యపు గింజలో సగం. ఒక వరస చివరికి పోయి తిరిగి రావడానికి ఒక సాయంత్రం సరిపోదు. కుట్టిన మేర వేలితో నిమిరి చూసుకుని, మళ్ళీ సూది గుచ్చేది.

"ఎంత ముద్దుగా ఉండాదో కుట్టు" అంది ఇందు పక్కన కూర్చుని. "నాకు రాదు ఇట్ల."

"వస్తాది."

"చిన్నదానికి గరుకు తగలకూడదనా?"

భవ్యశ్రీ దారం నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. "ఊ" అంది.

వంటింట్లోంచి అమ్మ, "ఆదోనోళ్ళు ఎన్నిసార్లు అడిగిస్తారు? బొంత కాలేదు, బొంత కాలేదు అంటే నవ్వుతాండారు. పత్తి పని ఎక్కువయితే శశికాంత్ వాళ్ళన్నకి మిల్లులోంచి తీరదు. బిరీన కానీ తల్లీ" అంది.

"కుడ్తానే ఉండా కదమ్మా."

"దానికి పేరన్నా పెట్టుకోవల్ల కదా వాళ్ళు."

భవ్యశ్రీ మళ్ళీ కుట్టు మీదికి వంగింది. చిన్నది నిద్రలో పెదాలు చప్పరించింది. బొంత అంచు దాని ఊపిరికి లేస్తూ పడుతూ ఉంటే, ఆ లేచిన చోట కుట్టకుండా ఆగి, పడ్డాక కుట్టింది.

మర్నాడు సూదిమందు వేయించడానికి భవ్యశ్రీ, అమ్మ చిన్నదాన్ని తీసుకుని ఆసుపత్రికి పోయారు. ఆ రోజు అక్కడ తిరునాళ్ళంత జనం ఉంటారు, వచ్చేసరికి పొద్దు వాలుతుంది. నాయన పవర్‌లూం షెడ్డుకు పనికి పోయాడు. ఇల్లంతా ఇందుది, ఇందుతో పాటు మిషనుది.

ముందు పాత గుడ్డ మీద గీతలు గీసుకుని వాటి మీద కుట్టింది. తర్వాత అమ్మ దిండు గలీబు చినిగితే కుట్టింది. కాళ్ళకు అలవాటు దొరికింది. మిషను టకటకమంటూ నడుస్తుంటే ఒళ్ళంతా తేలికైనట్టుంది. ఇంక కుట్టడానికి ఏముందా అని చుట్టూ చూసింది. గూట్లో మడత పెట్టిన బొంత కనబడింది. సగం వరసలు అయ్యాయి, సగం కాలేదు. చుట్టూ పట్టీ వేయలేదు. అక్క కళ్ళు ఎంత ఎర్రబడుతున్నాయో, మెడ ఎట్లా పట్టేస్తోందో గుర్తొచ్చింది. అమ్మ సణుగుడు గుర్తొచ్చింది.

పొరలు జరగకుండా గుండుసూదులు గుచ్చింది. వరస వెంట వరస. మందంగా ఉన్న చోట సూది విరిగింది, కొత్తది వేసుకుంది. అక్క వరసలు ఎంత ఎడంతో ఉన్నాయో అంతే ఎడం ఉండేట్టు చాక్‌పీసుతో గీసుకుంది. ఎర్ర గుడ్డ పట్టీ కత్తిరించి చుట్టూ మడిచి కుట్టింది. నాలుగు మూలలూ సాఫీగా తిరిగాయి. ఆఖరి మూల దగ్గర దారం తెంపి, బొంత దులిపి, మిషను మీద పరిచింది. తను చేసిన పనిని ఇంతగా మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు.

పొద్దు వాలాక వాళ్ళు వచ్చారు. చిన్నది ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. భవ్యశ్రీ దాన్ని భుజాన వేసుకుని గడప దాటుతుంటే ఇందు ఎదురు పోయి, "అక్కా, ఈడ చూడు" అంది.

భవ్యశ్రీ చూసింది. దగ్గరికి వచ్చి ఒక చేత్తో పట్టీ వెంట నిమురుతూ పోయింది. మూల తిరిగింది. ఇంకో మూల. నాలుగో మూల దగ్గర చెయ్యి ఆగింది.

"అయిపాయెనా" అంది.

"అయిపాయె. పట్టీతో సహా."

"ఎప్పుడు?"

"మీరు పోయినంక. నీకు మెడ నొప్పి అంటివి కదా."

భవ్యశ్రీ చిన్నదాన్ని ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకుంది. మళ్ళీ ఎడమ భుజం మీదికి మార్చుకుంది.

"బాగా కుట్టినావు" అంది.

అమ్మ బొంత అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక పనయిపాయె తల్లీ" అని మంచం మీద కూలబడి ఫోను తీసింది. "శశికాంతా, బొంత అయిపోయింది. ఆదోని లక్ష్మికి చెప్పు నాయనా. ఎల్లుండి మంచిదేనంట" అంటుంటే భవ్యశ్రీ తన గదిలోకి పోయింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె రోజూ కూర్చునే చోటే వచ్చి కూర్చుంది. చిన్నది ఒళ్ళో ఉంది. సూది డబ్బా మూత తీసింది. సన్న సూది తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. ఒళ్ళోకీ పక్కకీ చూసి, సూది మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ తర్వాత చాలాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుంది. అది చూస్తుంటే ఏదో తప్పు జరిగిందని ఇందుకు అనిపించింది గానీ, ఏమిటో తోచలేదు.

తెల్లారి కొట్టుకు పోతూ, చూపించాలని బొంత సంచిలో పెట్టుకుంది. రుక్సానా గల్లా బల్ల మీద దాన్ని పరిచింది. కళ్ళజోడు పెట్టుకుంది. సగం దాకా వేలు పోనిచ్చింది, అక్కడ ఆపింది.

"ఈడ నుంచి నీది. ఆడిదాకా మీ అక్కది."

"ఊ."

"ఎవరు కుట్టమన్న్యారు నిన్ను?"

"ఎవురూ లేదు. సాయం చేద్దామని."

రుక్సానా భవ్యశ్రీ కుట్టు మీద గోరుతో గీసింది. "మే, నువ్వు దర్జీపని నేర్చుకుంటాండావు. చెప్పు. బొంతకి ఇంత సన్న కుట్టు ఎవరన్నా వేస్తారా?"

"చిన్నదానికి గరుకు..."

"పసిబిడ్డకి చీరలే మెత్తగా ఉంటాయి, కుట్టెందుకు తగుల్తాది?" రుక్సానా కళ్ళజోడు తీసింది. "అయిపోకూడదని కుట్టినాది పిచ్చిదానా. అయితే బిడ్డను తీస్కపోతారని. ఇంట్లో ఉండేదానివి నీకు తెలీలేదా?"

ఇందు బొంత వైపు చూస్తూ నిలబడింది. గింజలో సగం, గింజలో సగం, అట్లా ఎన్ని సాయంత్రాలు. పక్కనే కూర్చుని ముద్దుగా ఉంది అన్నది తనే.

"సాయం చేద్దామనే..." అంది మళ్ళీ.

"సాయమూ ఉండాది, మిషను తొక్కాలని కాళ్ళ దురదా ఉండాది" అంది రుక్సానా. తిట్టినట్టు లేదు. ఒక జాకెట్టు తన ముందుకు లాక్కుని, "ఈ పొద్దు పని వద్దులే, ఇంటికి పో" అంది.

ఇంటికి పోయి ఇందు కిటికీ పక్కన కూర్చుని బ్లేడు తీసింది. పట్టీ కుట్టు ఒక్కొక్కటే తెంపసాగింది. మిషను కుట్టు గట్టిది. నాలుగు తెంపితే ఒకటి ఊడుతోంది. ఒక మూలంతా ఊడేసరికి వెనక భవ్యశ్రీ వచ్చి నిలబడింది.

"ఏం చేస్తాండావు?"

"కుట్టు సరిగ్గా పడలేదక్కా. మళ్ళీ వేయల్ల." బ్లేడు ఆపింది. "నాకు తెలీలేదక్కా."

భవ్యశ్రీ పక్కన చతికిలబడింది. ఊడిన దారాలు ఏరి ఉండ చుట్టింది. "వద్దులే ఇందూ. నా మీదికే వస్తాది. నేనే ఊడదీసినా అంటారు."

"నేనే అని చెప్తా. అందరి ముందరా చెప్తా."

"నువ్వా?" భవ్యశ్రీ కాన్పయ్యాక మొదటిసారి నవ్వింది. "మీ బావ వస్తే తలుపు ఎనకాల నిలబడి నీళ్ళ చెంబు తోస్తావు. నువ్వు చెప్తావా?"

నవ్వు పూర్తి కాకుండానే కళ్ళు తుడుచుకుంది. కానీ ఇందు చేతిలోంచి బ్లేడు లాక్కోలేదు. చీకటి పడేలోపల పట్టీ మొత్తం ఊడింది.

అనుకున్న రోజు పొద్దున్నే, విశ్వేశ్వరయ్య షెడ్డుకు పోయాక, శశికాంత్, లక్ష్మీదేవి దిగారు. ఆదోని అన్న గణేష్ పత్తి బళ్ళ రద్దీలో మిల్లు వదిలి రాలేకపోయాడు. లక్ష్మీదేవి చేతిలో పెద్ద సంచి. అందులో కుచ్చు టోపీలు, ఉన్ని మేజోళ్ళు, గొడుగులా తెరుచుకునే దోమతెర. ఆమె నేరుగా చిన్నదాని దగ్గరికి పోలేదు. ముందు కిటికీ దగ్గరికి పోయి మిషను చక్రం మీద చెయ్యి వేసింది.

"బాగా కుదిరింది ఈడ. మా ఇంట్లో దీనికి ఎలుతురే లేకపాయె" అంది. తర్వాత కాళ్ళు కడుక్కుంటానని పెరట్లోకి పోయి, చేతులు కూడా సబ్బుతో కడుక్కుని వచ్చి, అప్పుడు చిన్నదాని ముందు కూర్చుంది.

అమ్మ బొంత తెచ్చింది. తెచ్చి, మడత విప్పి, తెల్లబోయింది.

ఇందు వంటింటి తలుపు వెనక నుంచి ముందుకు వచ్చింది. అందరూ ఆమె వైపు తిరిగారు. చెవులు కాలిపోతున్నట్టనిపించింది.

"కుట్టు సరిగ్గా పడలేదని నేనే ఊడదీసినా. బొంత ఇంకా కాలేదు" అంది. మాటలు నేలకేసి చెప్పింది, కానీ చెప్పింది.

శశికాంత్ నవ్వాడు. "ఇంతేనా? పట్టీ ఒక్కటే కదా. మిషను ఇచ్చింటిమి కదా దానికే. పది నిమిషాల పని. కూచ్చో, కుట్టు."

ఇందు పోయి మిషను ముందు కూర్చుంది. బొంత సూది కింద పెట్టింది. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం దించింది. వెనక అందరూ ఉన్నారు. కాళ్ళు తొక్కుడు పలక మీద ఉన్నాయి. కదలలేదు.

"ఏమాయె?" అన్నాడు శశికాంత్.

"లెయ్ ఇందూ" అంది భవ్యశ్రీ. వచ్చి మిషను పాదం ఎత్తి బొంత బయటికి లాగింది. "నేను చేత్తో కుడ్తా."

"చేత్తో ఎంతసేపు?"

"అయ్యేంతసేపు."

శశికాంత్ ఏదో అనబోతే లక్ష్మీదేవి, "కుట్టనీలే శశీ. బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి. నువ్వు పోయి టీ తాగిరాపో" అంది. తర్వాత, "ఇందూ, నాకూ ఒక సూది ఇయ్యి పాపా. సన్నది" అంది.

ఇద్దరూ నడింట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ చిన్నదాన్ని తెచ్చి లక్ష్మీదేవి ఒళ్ళో పెట్టింది. ఆమె ఎడమ మోకాలు కొంచెం ఎత్తి, దాని తల ఆనేట్టు సర్దుకుంది. బొంత ఒక మూల నుంచి భవ్యశ్రీ ఒక వైపుకు, లక్ష్మీదేవి రెండో వైపుకు పట్టీ కుట్టడం మొదలుపెట్టారు.

ఇద్దరూ చెరో జానెడు కుట్టారు.

"నా చీర యాడ పెట్టినావు?" అని అడిగింది లక్ష్మీదేవి.

"లోపల. ఇందు ఓణీ కింద."

లక్ష్మీదేవి వేళ్ళ మధ్య బొంతను నలిపి చూసింది. "కనపడదు."

"కనపడదు. మెత్తగా ఉండేది అదే."

"అది నా సీమంతానికి పెట్టాలని మా యమ్మ నేయించి పెట్టింది. దాచి దాచి, ఊరికే ఎందుకని కట్టేసినా" అంది లక్ష్మీదేవి. ఇంకొక కుట్టు వేసింది. "నీ కుట్టు చానా సన్నగుండాది."

"చీమ అడుగంత" అంది అమ్మ వంటింట్లోంచి. "పొద్దుపోని కుట్టు."

లక్ష్మీదేవి నవ్వింది. ఇందు ఇద్దరికీ దారాలు ఎక్కించి ఇస్తూ ఆమె కుట్టు చూసింది. భవ్యశ్రీది ఎట్లా ఉందో ఇదీ అట్లాగే ఉంది. గింజలో సగం. ఒక్కొక్క పోటూ వేసి వేలితో నొక్కుతోంది. అక్క కోసం చేస్తోంది, అక్కకు ఇంకొంచెం పొద్దు ఇస్తోంది అనుకుంది ఇందు.

చిన్నది ఏడిస్తే లక్ష్మీదేవి అందించేది. భవ్యశ్రీ పక్కకు తిరిగి పాలిచ్చి, మళ్ళీ తనే ఆమె ఒళ్ళో పడుకోబెట్టేది. అమ్మ అన్నాలు పెట్టింది. తిన్నారు. మళ్ళీ కూర్చున్నారు. శశికాంత్ మూడుసార్లు వచ్చి తొంగి చూసి పోయాడు. కిటికీలోంచి వచ్చే ఎండ నాపబండల మీంచి గోడ మీదికి పాకింది.

రెండు కుట్లూ చివరి వైపు దగ్గరపడ్డాయి. నడుమ జానెడు మిగిలింది. లక్ష్మీదేవి దారం ముడి వేసి తెంపింది. సూది పక్కన పెట్టింది.

"మిగిలింది నీది" అంది.

భవ్యశ్రీ సూది గుచ్చింది. లాగలేదు. అట్లాగే వదిలేసింది.

"భవ్యా. ఇస్తావా అని నిన్నెవరన్నా అడిగినారా?" అంది లక్ష్మీదేవి.

భవ్యశ్రీ తల అడ్డంగా ఊపింది. గడపలో శశికాంత్ నిలబడి ఉన్నాడు. "ఏం మాటలు వదినా ఇవి, ఇప్పుడు?" అన్నాడు.

"నువ్వు ఉండు." లక్ష్మీదేవి అతని వైపు చూడలేదు. "నేను అడుగుతాండా. ఇస్తావా?"

అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుంది. ఇందు చేతిలో దారపు రీలు ఉంది. అది నలిగిపోతుందేమో అన్నంతగా పట్టుకుంది.

"ఇయ్యలేనక్కా" అంది భవ్యశ్రీ. మంచినీళ్ళు అడిగినంత మెల్లగా.

"ఇప్పుడా చెప్పేది?" శశికాంత్ లోపలికి వచ్చాడు. "ఊరందరికీ చెప్పుకుంటిమి. అన్న దూలానికి ఉయ్యాల కొక్కెం కూడా కొట్టించినాడు. ఇప్పుడు నేను ఆయనకి ఏం మొహం చూపియ్యల్ల?"

"కొక్కేనికి దండెం కట్టుకుంటాం. బట్టలు ఆరేసుకుంటాం" అంది లక్ష్మీదేవి. "మీ అన్నకు నేను చెప్తా. నీ పెండ్లాన్ని నువ్వు ఒక్క మాట అడిగింటే నేను ఈ సంచి మోసుకోని వచ్చేదాన్ని కాదు."

శశికాంత్ బయటికి పోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

లక్ష్మీదేవి ఒళ్ళో ఉన్న చిన్నదాన్ని తల కింద చెయ్యి వేసి ఎత్తింది. మోకాళ్ళ మీద ముందుకు జరిగి భవ్యశ్రీ ఒళ్ళో పెట్టింది. భవ్యశ్రీ వంగి ఆమె పాదాలు అందుకోబోతే, "అట్ల వంగితే బిడ్డ నలుగుతాది" అని భుజం పట్టి ఆపింది. తెచ్చిన సంచి గోడకు జరిపింది. "ఇవి దాని కొలతకే తెచ్చినా. ఉండనీ."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కాఫీ అన్నా తాగి పో లక్ష్మీ" అంది.

"మళ్ళీ వస్తాలే అత్తా."

ఎప్పుడు అని ఎవరూ అడగలేదు.

బస్టాండు దాకా ఇందు ఆమె వెంట పోయింది. శశికాంత్ ఎక్కడా కనబడలేదు. దారిలో పత్తి బళ్ళు పోతున్నాయి. మూటల్లోంచి రాలిన దూది రోడ్డు పక్క ముళ్ళకంపకు పట్టుకుని ఉంది. లక్ష్మీదేవి ఖాళీ చేతులతో నడుస్తోంది. పొద్దున సంచి బరువుకు వేళ్ళ మీద పడిన ఎర్ర గీతలు ఇంకా ఉన్నాయి.

ఆదోని బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఇందు ఏదో ఒకటి మాట్లాడాలనుకుంది. ఏది మాట్లాడినా తప్పనిపిస్తోంది.

"మిషను ఆటోలో పంపిస్తాంలే అక్కా" అంది చివరికి.

"ఏంటికి? అది నీకిచ్చింది. బిడ్డకు మారు ఇచ్చిందనుకున్న్యావా?"

ఇందు తల దించుకుంది. అవును, అట్లాగే అనుకుంది. ఇంట్లో అందరూ అట్లాగే అనుకున్నారు.

"బాగా కుట్టినావు నువ్వు. ఊడదీసిన చోట కంతలు చూస్తే తెలుస్తాది, ఒక్కటీ వంకర లేదు" అంది లక్ష్మీదేవి.

ఇందు ధైర్యం తెచ్చుకుంది. "అక్క ఇయ్యదని నీకు ముందే తెల్సునా?"

"బొంత చేతిలోకి తీసుకుంటూనే తెల్సింది. నేనూ కుట్టినదాన్నే కదా."

"అందుకేనా నువ్వు కూడా అంత సన్నగా కుట్టినావు? అక్క కోసం?"

లక్ష్మీదేవి రోడ్డు వైపు చూసింది. దూరంగా బస్సు మలుపు తిరుగుతోంది. ఆమె లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"మీ అక్క కోసం కాదు పాపా" అంది. "కుట్టినంతసేపు ఒళ్ళో ఉంటాది కదా."

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆమె మెట్టు మీద కాలు పెట్టినప్పుడు ఇందు చూసింది. చీర కుచ్చిళ్ళ మీద, తొడ దగ్గర, చిన్నది తడిపిన మరక చేటంత ఉంది. ఇంకా ఆరలేదు.

"అక్కా, చీర తడిసింది" అంది ఇందు.

"తెలుసులే" అంది లక్ష్మీదేవి. కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చుని, ఆ తడి మీద అరచేయి పరుచుకుంది. బస్సు కదిలింది.